నౌపడ ఉప్పు, చోడి అంబలి



పదకొండేళ్ల మనవణ్ని వెంటబెట్టుకుని ఒక మామ్మ నా దగ్గరికి వచ్చింది. వంశధార గట్టు మీది ఊరు వాళ్లది. పిల్లాడికి నాలుగు రోజులుగా దగ్గు. ఛాతీ విన్నాక, చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఆవిడ నవ్వేసింది.

"ఏటి డాట్రుబాబూ, గుంటడికి బీపీ ఏటి? అది మాలాంటి ముసిలోళ్లకి గదా!"

ఆవిణ్ని తప్పుపట్టను. నరసన్నపేటలో పిల్లల వైద్యం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇంచుమించు అలాగే నడుచుకున్నాను. నా బల్ల మీద పెద్దవాళ్ల పట్టీ ఒక్కటే ఉండేది. పిల్లలకి జ్వరం చూసేవాణ్ని, బరువు చూసేవాణ్ని, నాలుక చూసేవాణ్ని. బీపీ మాత్రం, ఒళ్లు ఉబ్బిన పిల్లలకో మూత్రం ఎర్రగా వచ్చిన పిల్లలకో తప్ప, చూసేవాణ్ని కాదు. పెద్దల పట్టీని పిల్లల సన్నటి చేతికి చుడితే ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది. మరీ చిన్న పట్టీ చుడితే ఎక్కువ చూపిస్తుంది. పట్టీలో ఉండే రబ్బరు సంచి, చెయ్యి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టి రావాలి. ఆ సైజులు మూడు నాలుగు కొనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో ఎంతమంది పిల్లల్ని చూసి కూడా చూడనట్టు పంపేశానో లెక్క చెప్పలేను.

ఆ రోజు మనవడికి 128 మీద 82 వచ్చింది.

మామ్మకి ఆ అంకె పెద్దగా అనిపించలేదు. వాళ్లాయనకి 160 ఉండేదట, మాత్ర వేసుకుంటే సరిపోయేదట. ఇక్కడే అసలు చిక్కు. పెద్దవాళ్లకి 120 మీద 80 అని ఒక కొండగుర్తు ఉంది, పిల్లలకి అలాంటిది లేదు. పిల్లాడి వయసు, ఆడో మగో, ఎత్తు, ఈ మూడూ చూసి పట్టికలో వెతకాలి. అదే ఈడు, అదే ఎత్తు ఉన్న ఆరోగ్యవంతులైన వందమంది పిల్లల్ని బీపీ వరసలో నిలబెడితే 95వ వాడి దగ్గర గీత గీస్తారు. ఆ గీత మీదో, దానికి పైనో ఉంటే ఎక్కువ ఉన్నట్టు. పదమూడేళ్లు నిండాక 130 మీద 80 అని స్థిరమైన హద్దు పెట్టుకున్నారు. 2017లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన సూచనలు ఇవి. మూడేళ్లు నిండిన ప్రతి పిల్లకీ ఏడాదికోసారి చూడమని కూడా చెప్పారు.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని ముద్ర వెయ్యకూడదు. సూది వేస్తాడేమోనన్న భయానికే పిల్లల బీపీ పది పాయింట్లు ఎగురుతుంది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆన్చి, పాదాలు నేలకి తగిలేటట్టు ఉంచి, కుడిచేతికి చూడాలి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూశాకే మాట చెప్పాలి. మన మనవడికి రెండోసారి 124 మీద 80, మూడోసారి 122 మీద 80 వచ్చాయి. దగ్గు తగ్గింది, భయమూ తగ్గింది, బీపీ మాత్రం గీతకి పైనే నిలిచింది.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే ముచ్చట కాదు. 2016 నుంచి 2018 వరకూ కేంద్ర ఆరోగ్యశాఖ పిల్లల పోషణ మీద దేశమంతటా సర్వే చేయించింది. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వరకూ ఉన్నవాళ్లలో సుమారు 5 శాతానికి అధిక రక్తపోటు కనబడింది. నలభై మంది ఉన్న హైస్కూలు తరగతిలో ఇద్దరన్నమాట. ఆ ఇద్దరికీ తలనొప్పి ఉండదు, కళ్లు తిరగవు. కబడ్డీ కూడా ఆడేస్తుంటారు.

చిన్నపిల్లల్లో నిజంగా బీపీ ఎక్కువగా ఉంటే వైద్యుడి చూపు ముందు కిడ్నీల మీదికి వెళ్తుంది. మనకి ఉత్తరాన కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి మూలకారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. కానీ ఆ పేరు వింటే మన జిల్లాలో ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. మామ్మకీ అంతే. మూత్రపరీక్ష, రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించాం. అన్నీ బాగున్నాయి. ఆవిడ ముఖం తేటపడ్డాక అసలు సంగతి అడిగాను: "బాబు ఏం తింటాడమ్మా?"

ఆ జవాబు చెప్పేముందు మిమ్మల్ని ఒకసారి నౌపడ తీసుకెళ్లాలి.

తిలారు స్టేషన్లో రైలెక్కి ఉత్తరానికి వెళ్తే ఎండాకాలంలో నౌపడ దగ్గర కిటికీ లోంచి తెల్లటి ఉప్పు కుప్పలు కనబడతాయి. సముద్రపు పాయ నీటిని మడుల్లోకి పెడతారు. ఎండకి నీరు ఇగురుతుంది. అప్పుడు గడ్డకట్టేది సోడియం క్లోరైడ్, మనం తినే ఉప్పు. దాన్ని పలకతో లాగి గట్టుకి చేరుస్తారు. మడిలో మిగిలేది చేదు నీరు. సముద్రంలో ఉన్న మెగ్నీషియం, పొటాషియం చాలా వరకూ ఆ చేదు నీటిలోనే ఉండిపోతాయి. దాన్ని బయటికి వదిలేస్తారు. ఉప్పు చెయ్యాలంటే అంతకంటే దారి లేదు. వాళ్ల పని అది.

నా బాధల్లా, మన వంటిళ్లు కూడా ఉప్పు మడుల్లాగే తయారవుతున్నాయని. సోడియాన్ని పట్టి ఉంచి, మిగతావన్నీ బయట పారబోస్తున్నాం.

చూడండి. బియ్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టిస్తాం. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం, దంపుడు బియ్యంలో 100 గ్రాములకి సుమారు 90 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటే, తెల్ల బియ్యంలో 20 మిగులుతుంది. పొటాషియం దాదాపు సగానికి పడిపోతుంది. తవుడుతో పోయింది పోగా, మిగిలినదాంట్లో కొంత గంజి వార్చినప్పుడు పోతుంది. ఆ గంజి ఒకప్పుడు ఇంట్లో పిల్లలే తాగేవారు, తరవాణి కుండలోకి వెళ్లేది. ఇప్పుడు తూములోకి వెళ్తోంది. ఆకుకూర ఉడికించిన నీళ్లదీ అదే దారి. ఇంత పారబోసి, చప్పగా ఉందని పైన ఉప్పు చల్లుకుంటాం.

ఇంకో తమాషా. ఇరవై లీటర్ల టిన్నుని మనం మినరల్ వాటర్ అంటాం. ఆర్వో యంత్రం చేసే పనే నీళ్లలోని ఖనిజాలను చాలా మటుకు తీసెయ్యడం. మినరల్స్ తీసేసిన నీటికి మినరల్ వాటర్ అని పేరు పెట్టుకున్న గొప్పవాళ్లం మనం. నీళ్లు బాగాలేని చోట ఆ యంత్రం కావాలి, కాదనను. పేరు చూసి మోసపోవద్దనే చెబుతున్నాను.

సరే, ఈ ఖనిజాలకీ రక్తపోటుకీ ఏమిటి సంబంధం? మాగాయ పెట్టే ఇల్లాలికి ఇందులో సగం పాఠం ముందే తెలుసు. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతుంది. ఉప్పు నీటిని తన వైపు లాగుతుంది. ఒంట్లోనూ అంతే. రక్తంలో సోడియం పెరిగితే దాని వెంట నీరు నిలుస్తుంది, గొట్టంలో నీరు ఎక్కువైతే గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని తగ్గించవలసింది కిడ్నీ. ఆ కిడ్నీ, ఎంత ఉప్పు బయటికి వదలాలన్న లెక్క వేసేముందు పొటాషియం ఎంత ఉందో చూసుకుంటుంది. పొటాషియం పుష్కలంగా ఉంటే ఉప్పుని మూత్రంలోకి వదిలేస్తుంది. పొటాషియం తక్కువైతే ఉప్పుని గట్టిగా పట్టేస్తుంది. అందుకే ఉప్పు ఒక్కదాన్నే చూస్తే లెక్క తేలదు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక రక్తనాళాల గోడల్లో సన్నటి కండరం ఉంటుంది. అది బిగియడానికి కాల్షియం కావాలి, ఆ బిగింపుని అదుపులో ఉంచడానికి మెగ్నీషియం కావాలి. కాల్షియం తిండిలో తక్కువైతే నాళం సడలుతుందనుకుంటారేమో, జరిగేది తిరగబడి ఉంటుంది. తిండిలో లేనప్పుడు దాన్ని కూడబెట్టమని ఒళ్లు కొన్ని హార్మోన్లను పంపుతుంది, వాటి ఒత్తిడికి నాళాల కండరం మరింత బిగుస్తుంది.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదా, పిల్లల మీద చూశారా అంటారా? చూశారు. హాలండులో 1980ల మొదట్లో 476 మంది పసికందులని రెండు జట్లు చేసి, ఆరు నెలల పాటు ఒక జట్టుకి మామూలు సోడియం ఉన్న పాలు, రెండో జట్టుకి తక్కువ సోడియం ఉన్న పాలు ఇచ్చారు. ఆరు నెలలకి తక్కువ ఉప్పు జట్టులో బీపీ పై అంకె సుమారు 2 పాయింట్లు తక్కువ ఉంది. అంతటితో వదిలేస్తే మామూలు కథే. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లల్లో 167 మందిని వెతికి పట్టుకుని మళ్లీ చూశారు. తేడా పోలేదు సరికదా, 3.6 పాయింట్లకి పెరిగింది. ఆరునెలల పాపకి అన్నప్రాశన చేసి, పెద్దల పప్పుచారులోంచి అన్నం కలిపి పెట్టేముందు ఈ సంగతి ఒకసారి తలుచుకోండి. ఏడాది లోపు పిల్లల తిండిలో విడిగా ఉప్పు వెయ్యక్కర్లేదు. వాళ్లకి చప్పదనం తెలియదు. అది మన నాలుకకి తెలిసిన చప్పదనం.

అమెరికాలో 2185 మంది ఆడపిల్లల్ని తొమ్మిది, పదేళ్ల వయసు నుంచి పదేళ్ల పాటు వెంబడించి 2015లో ఫలితాలు వేశారు. అందులో ఉప్పు ఎక్కువ తిన్న పిల్లలకి బీపీ ఎక్కువగా పెరిగిందని తేలలేదు. కానీ రోజుకి 2400 మిల్లీగ్రాములూ ఆపైన పొటాషియం తిన్న పిల్లల బీపీ పెద్దయ్యాక తక్కువగా ఉంది. దీన్ని చూసి ఉప్పుకి క్షమాభిక్ష దొరికిందని కొందరు సంబరపడ్డారు. నేను పడను. ఉప్పు తగ్గించి చూసిన పది ప్రయోగాలని, 966 మంది పిల్లలని కలిపి లెక్కవేసిన పరిశీలన 2006లో వచ్చింది. ఉప్పు తగ్గితే పై అంకె ఒక పాయింటు పైచిలుకు తగ్గింది. ఒక పాయింటు చిన్నదే. అయితే పిల్లప్పుడు వరసలో ముందున్నవాళ్లు పెద్దయ్యాకా వరసలో ముందే ఉంటారు. చిన్న తేడా నలభై ఏళ్లు మోస్తే చిన్నది కాదు.

మన తెలుగు నేల మీదే జరిగిన పని ఒకటుంది. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1987 నుంచి 1990 వరకూ హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్ని తీసుకుని, కొన్నింట్లో గర్భిణులకీ ఆరేళ్ల లోపు పిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా అదనపు తిండి అందేలా చూశారు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్యకి వచ్చాక మళ్లీ పరీక్షించారు. తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. వాళ్ల రక్తనాళాల గోడలు మెత్తగా ఉన్నాయి. బీపీ అంకెలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నాకు ఈ ఫలితం చాలా ఇష్టం, నిజాయితీగా ఉంది గనుక. నాళం మెత్తగా ఉండటం ముందు, అంకె మారటం ఎప్పుడో తర్వాత.

ఇప్పుడు మనవడి తిండి దగ్గరికొద్దాం. పొద్దున్న బండి మీది పూరీ, బొంబాయి చట్నీ. మధ్యాహ్నం బడిలో అన్నం. సాయంత్రం అయిదు రూపాయల ప్యాకెట్లు రెండు, ఒక్కోరోజు సెంటర్లో నూడిల్స్ బండి. రాత్రి మామ్మ చేతి అన్నం, ఆవకాయ, ఎండు మెత్తళ్లు. కూర తినడు. అరటిపండంటే ముఖం తిప్పేస్తాడు. చోడి అంబలా? "అది ముసిలోళ్ల తిండి" అన్నాడు. బీపీ ముసలివాళ్లదని మామ్మ, అంబలి ముసలివాళ్లదని మనవడు. ఇద్దరూ రెండూ తారుమారు చేసేశారు.

చోళ్లలో 100 గ్రాములకి 360 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం, 440 పొటాషియం, 145 మెగ్నీషియం ఉన్నాయి. తెల్ల బియ్యంలో కాల్షియం పది కూడా లేదు. ఇంత దూరం తేడా ఉన్న రెండు గింజలు ఒకే జిల్లాలో పండుతుంటే, తెల్లదాన్ని గౌరవమనీ నల్లదాన్ని పేదరికమనీ ఎంచుకున్నాం. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో పిల్లలకి వారంలో మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రాగి మన చోడే. మామ్మకి ఈ ముక్క చెబితే "బళ్లో ఇస్తే రాగిజావ, నానిస్తే చోడంబలా?" అంది. పేరు మారితే రుచి మారుతుందని పిల్లాడు నమ్ముతున్నాడు, నమ్మనివ్వండి.

మిగతావి కూడా మన చుట్టూ ఉన్నవే. ఉద్దానం కొబ్బరిబొండం, పలాస జీడిపప్పు, మునగాకు, తోటకూర, గోంగూర, ఉలవలు, నువ్వులు, తాటి తేగలు, పనసతొనలు. జీడిపప్పులో మెగ్నీషియం ఎక్కువ, నువ్వుల్లో కాల్షియం ఎక్కువ. పలాస నుంచి దేశమంతా తిరిగే జీడిపప్పు మన పిల్లల నోటికి పండగ పాయసంలోనే అందుతుంది, అది ధర సంగతి, నేనేం చెయ్యలేను. వేరుశనగ, నువ్వుచిమ్మిలి అందుతాయి. ఒక హెచ్చరిక మాత్రం: కిడ్నీ జబ్బున్న పిల్లలకి పొటాషియం ఒంట్లో పేరుకుపోయి గుండెకి ముప్పు తెస్తుంది. వాళ్లకి కొబ్బరినీళ్లు, పళ్లు వైద్యుణ్ని అడక్కుండా పెంచకండి.

ఉప్పు లెక్కా చెబుతాను. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లలకి వాళ్లు తినే తిండిని బట్టి ఇంకా తగ్గాలి. ఇందులో కూర, పచ్చడి, అప్పడం, ప్యాకెట్టు అన్నీ కలిసే ఉంటాయి. ప్యాకెట్ల వెనక సన్నటి అక్షరాల్లో సోడియం అని వేస్తారు, ఉప్పు అని వెయ్యరు. ఆ అంకెని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకి 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 2 గ్రాముల ఉప్పు అన్నట్టు. ఏడో తరగతి పిల్లాడు చేసుకోగల లెక్కే. మన మనవడికి నేర్పాను, ఆ రోజు నుంచి కనబడ్డ ప్యాకెట్టల్లా తిరగేస్తున్నాడట.

కొందరు సైంధవ లవణం మంచిదా, గులాబీ ఉప్పు మంచిదా అని అడుగుతారు. రంగు వేరు, ధర వేరు, సోడియం ఇంచుమించు అంతే. పైగా వాటిలో అయొడిన్ ఉండకపోవచ్చు, పిల్లలకి అది ముఖ్యం. బజారులో తక్కువ సోడియం ఉప్పు అని కూడా వస్తోంది. అందులో సోడియం కొంత తీసి పొటాషియం కలుపుతారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పెద్దలకి సూచించింది. పిల్లలకీ, గర్భిణులకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ ఆ సూచన వర్తించదని అందులోనే చెప్పింది. ఉద్దానం ఉన్న జిల్లా వాళ్లం, ఈ మాట గోడ మీద రాసిపెట్టుకోవాలి.

పిల్లలు తమంతట తాము ఉప్పు తగ్గించుకోలేరు, వంట వాళ్ల చేతిలో లేదు గనుక. అమెరికాలో ఎక్సెటర్, ఆండోవర్ అని రెండు హాస్టల్ బడులున్నాయి. 1980ల్లో అక్కడ పిల్లలకి ఉపన్యాసాలేమీ ఇవ్వకుండా, వంటశాలలో మాత్రం సోడియం 15 నుంచి 20 శాతం తగ్గించారు. పిల్లల బీపీ పై అంకె 1.7 పాయింట్లు తగ్గింది. మన జిల్లాలో గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు, కస్తూర్బా బడులు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. అక్కడ గరిటె పట్టుకునే వంటమనిషి చేతిలో నా మందులచీటీ కంటే ఎక్కువ బలం ఉంది.

అటునుంచి నరుక్కొచ్చిన వాళ్లు చైనావాళ్లు. ఉత్తర చైనాలో 28 ప్రాథమిక పాఠశాలల్ని తీసుకుని, సగం బడుల్లో అయిదో తరగతి పిల్లలకి ఉప్పు గురించి పాఠం చెప్పి, ఇంటికెళ్లి పెద్దవాళ్లకి చెప్పమన్నారు. మూడున్నర నెలలకి ఆ పిల్లల ఉప్పు రోజుకి దాదాపు 2 గ్రాములు తగ్గింది. ఇళ్లల్లో పెద్దవాళ్లది దాదాపు 3 గ్రాములు తగ్గింది, బీపీ కూడా దిగింది. పాఠం విన్నది పిల్లలు, లాభం పెద్దలకి.

ఆరు నెలల తర్వాత మామ్మా మనవడూ మళ్లీ వచ్చారు. వాడికి 114 మీద 72. తిండి వల్లే తగ్గిందని గొప్ప చెప్పుకోను. ఈ ఆర్నెల్లలో వాడు సైకిల్ మీద బడికెళ్తున్నాడు, ఎత్తు పెరిగాడు, నేనంటే భయం కూడా పోయింది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. ఆవకాయ జాడీ అటకెక్కిందని, ప్యాకెట్లు వారానికొకటి అయ్యాయని, చోడిజావ తాగుతున్నాడని మామ్మ చెప్పింది. కూర మాత్రం ఇప్పటికీ తినడట.

పట్టీ విప్పుతుంటే "మరి మీకెప్పుడైనా చూశారామ్మా?" అన్నాను. లేదంది, తనకేటి రోగమంది. పిల్లల పట్టీ తీసి పెద్దది చుట్టాను. 168 మీద 96. ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, మనవడు యంత్రం వైపు మెడ సాచి అంకె చదివేశాడు.

"మామ్మా, నాకంటే నీదే ఎక్కువ!"